టోల్కీన్ నవల మీద తెగని తగువు

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. ‘ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ మొదటి సంపుటంలో టామ్ బాంబడిల్ ఇంటి దాకా వచ్చి పుస్తకం మూసేశానని, దాన్ని ఏటా తిరగేసే చెల్లెమ్మ ముందు మాత్రం ఆ మాట ఒప్పుకోవడానికి నీకు మొహం చెల్లడం లేదని నువ్వు రాసింది చదివి చాలాసేపు నవ్వుకున్నాను. లోపం నీలో ఉందో పుస్తకంలో ఉందో తేల్చి చెప్పమన్నావు. మొగుడూ పెళ్లాల మధ్య తీర్పులు చెప్పే సాహసం నేను చేయను గానీ, ఈ తగువు మీ ఇంట్లో పుట్టింది కాదని మాత్రం చెప్పగలను. ఇది పుస్తకంతో పాటే పుట్టింది. 70 ఏళ్లు దాటినా తెగలేదు.

అసలు అచ్చు వేసినవాళ్లకే దీని మీద ధైర్యం లేదు. ప్రచురణకర్త స్టాన్లీ అన్విన్‌కు ఆయన కొడుకు రేనర్, ఇది గొప్ప రచనే కానీ వెయ్యి పౌండ్ల నష్టం రావచ్చు అని రాస్తే, అది మహత్తరమైన రచన అని నువ్వు నమ్మితే వెయ్యి పౌండ్లు పోగొట్టుకోవచ్చునని తండ్రి జవాబిచ్చాడు. నష్టానికి ముందే సిద్ధపడిన ఆ సంస్థ, ఖర్చులు తిరిగి వచ్చేదాకా రచయితకు పైసా ఇవ్వకుండా, ఆ తర్వాత వచ్చే లాభంలో సగం ఇచ్చేట్టు ఒప్పందం రాసుకుంది. టోల్కీన్‌కు అదే కలిసొచ్చిందనుకో, అది వేరే సంగతి. 1954 జూలైలో మొదటి సంపుటం, నవంబరులో రెండోది, 1955 అక్టోబరులో మూడోది వెలువడ్డాయి.

అప్పటినుంచే పాఠకులు రెండు జట్లుగా చీలిపోయారు. సి. ఎస్. లూయిస్ దీన్ని నిర్మలాకాశంలో మెరిసిన మెరుపుతో పోల్చాడు. ఆయన టోల్కీన్‌కు ప్రాణమిత్రుడు కాబట్టి ఆ పొగడ్తలో కొంత తరుగు తీసేయవచ్చు. కానీ కవి ఆడెన్ కూడా దీన్ని అంతే గట్టిగా మెచ్చుకున్నాడు. 1956 జనవరిలో ‘న్యూయార్క్ టైమ్స్’లో రాసిన సమీక్షలో, ఇంతటి తీవ్రమైన వాదనలు రేపిన పుస్తకం తనకు గుర్తు లేదనీ, దీని మీద మధ్యస్థంగా అభిప్రాయం ఉన్నవాళ్లు ఒక్కరూ కనిపించడం లేదనీ ఆయన అన్నాడు. ఆ మాట అన్న మూడు నెలలకే ‘ద నేషన్’ పత్రికలో ఎడ్మండ్ విల్సన్ ఈ నవలను ఉతికి ఆరేశాడు. ఆయన దృష్టిలో ఇది పిల్లల పుస్తకం, అదీ చేయి దాటిపోయిన పిల్లల పుస్తకం. తమాషా ఏమిటంటే, ఆ మహావిమర్శకుడు తన ఏడేళ్ల కూతురికి ఈ నవలంతా పైకి చదివి వినిపించానని అదే వ్యాసంలో రాసుకున్నాడు. అంత విసుగుపుట్టించే పుస్తకాన్ని వెయ్యికి పైగా పేజీలు గొంతెత్తి చదివాడంటే, ఆయన ఓర్పుకైనా దండం పెట్టాలి.

తర్వాతి కథ ఇంకా విచిత్రంగా నడిచింది. 1961లో విమర్శకుడు ఫిలిప్ టాయిన్‌బీ ‘అబ్జర్వర్’ పత్రికలో రాస్తూ, ఈ పుస్తకాలు అదృష్టవశాత్తూ మరుగున పడిపోయాయని ఊపిరి పీల్చుకున్నాడు. నోబెల్ బహుమతికి టోల్కీన్ పేరును లూయిస్ ప్రతిపాదిస్తే, దాన్ని, కథనం ఉత్తమ స్థాయిలో లేదంటూ కమిటీ తోసిపుచ్చింది కూడా ఆ ఏడాదే. నాలుగేళ్లు తిరగకుండానే 1965లో అమెరికాలో చవక ప్రతులు రావడంతో కాలేజీ కుర్రకారు వాటి కోసం ఎగబడింది. 1997లో బ్రిటన్‌లో వాటర్‌స్టోన్స్ దుకాణాలు, ఛానల్ 4 కలిసి శతాబ్దపు ఉత్తమ గ్రంథం ఏదని పాఠకులను అడిగితే ఇదే మొదటి స్థానంలో నిలిచింది. స్త్రీవాద రచయిత్రి జెర్మేన్ గ్రీర్ తన పీడకల నిజమైపోయిందని వాపోయింది. ఓట్లు పడ్డాయి కాబట్టి పుస్తకం గొప్పదని నేను అనను, పండితులు తిట్టారు కాబట్టి చెత్త అనీ అనను. ఇన్నాళ్లూ ఇరుపక్షాలూ అన్న మాటలు పక్కపక్కన పెట్టుకుని చూస్తే నాకు తోచేది ఒక్కటే: ఒక జట్టుకు పుస్తకంలోని గుణాలు కనబడి, ఇంకో జట్టుకు దోషాలు కనబడటం కాదు. ఇద్దరూ వేలు పెట్టి చూపించేది ఒకే పేజీని.

నువ్వు ఆగిపోయిన చోటునే తీసుకో. కథానాయకుడు ఫ్రోడో చేతిలోని ఉంగరం లోకాన్నే నాశనం చేయగలదని అప్పటిదాకా మనల్ని భయపెట్టిన రచయిత, పసుపుపచ్చ బూట్లు వేసుకుని గంతులేస్తూ పాటలు పాడే ఒక మనిషి చేతికి దాన్ని ఇప్పిస్తాడు. అతను దాన్ని చిటికెన వేలి కొసకు తొడుక్కుని కొవ్వొత్తి వెలుగులో చూసుకుంటాడు. మాయం కాడు. గాల్లోకి ఎగరేసి ఉంగరాన్నే మాయం చేసి, చిరునవ్వుతో తిరిగి ఇచ్చేస్తాడు. ఇక్కడే కథ పట్టు జారిపోయిందని నువ్వంటావు. అధికారం అంటే ఆశే లేనివాడి మీద ఉంగరం పారదని ఇంత తేలిగ్గా చూపించిన చోటు ఇంకొకటి లేదని చెల్లెమ్మ అంటుంది. టోల్కీన్ మాత్రం, పురాణకాలపు కథలో కూడా కొన్ని చిక్కుముళ్లు విప్పకుండా ఉండాలనీ, బాంబడిల్‌ను కావాలనే అలా వదిలేశాననీ ఒక ఉత్తరంలో రాశాడు. ఆ జవాబు నీకు తృప్తినివ్వదని నాకు తెలుసు.

కథ నడక విషయమూ అంతే. ఫ్రోడోను పెంచిన బిల్బో పుట్టినరోజు విందుకూ ఫ్రోడో ఇల్లు కదలడానికీ మధ్య 17 ఏళ్లు గడుస్తాయి. సినిమా చూసి పుస్తకం పట్టుకున్న నీలాంటివాళ్లకు అది కొన్ని రోజుల వ్యవహారంలా అనిపించి ఉంటుంది కాబట్టి, ఆ తాత్సారం మరీ కష్టంగా తోస్తుంది. ఉంగరాన్ని ఏం చేయాలో తేల్చే ఎల్రాండ్ సభ అధ్యాయంలోనైతే కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే ఉండి, ఒకరి తర్వాత ఒకరు పూర్వకథలు చెప్పుకుంటూ పోతారు. నాకు మాత్రం అక్కడ విసుగు పుట్టలేదు. చిన్నప్పుడు మా తాతగారి అలమారలోని కాశీమజిలీ కథలు చదివిన అలవాటు కావచ్చు. అందులో కాశీకి ఎప్పుడు చేరతారా అని ఎవడూ ఎదురుచూడడు. మణిసిద్ధుడు ఏ మజిలీలో ఏ కథ చెబుతాడా అనే చూస్తాడు. టోల్కీన్‌ను ఆ లెక్కన చదివితే మజిలీ భారంగా ఉండదు. అయితే ఊపిరి బిగబట్టి గమ్యం కోసం చదివేవాళ్లది తప్పు అనడానికి నాకు నోరు రాదు, ఎందుకంటే ఉంగరాన్ని నాశనం చేయాలనే తొందరను రగిలించింది ఆ రచయితే.

విమర్శల్లో నాకు నిలవదనిపించేది ఒకటుంది. ఈ నవలలో మంచివాళ్లంతా మచ్చలేని మంచివాళ్లు, చెడ్డవాళ్లు మార్పులేని చెడ్డవాళ్లు అని కవి ఎడ్విన్ మ్యూర్ మొదటి సంపుటం రాగానే అన్నాడు. అదే మాట నీ ఉత్తరంలోనూ ఉంది. మరి మంచివాడై ఉండి ఉంగరం మీద ఆశపడిన బోరోమిర్ సంగతేమిటి? కొడుకు మీది దుఃఖంతో మతి తప్పిన డెనెథార్ సంగతేమిటి? సినిమాలు చూశావు కాబట్టి కథ బయటపెట్టానని తిట్టుకోవు: చివరికి అగ్నిపర్వతం అంచున ఫ్రోడో ఉంగరాన్ని పారేయలేడు, అది నాదే అంటాడు. కథానాయకుడు తన పనిలో ఓడిపోతాడు. లోకాన్ని కాపాడింది ఉంగరం మోజులో పాడైపోయిన గొల్లమ్ మీద ఒకప్పుడు చూపిన జాలి; వాడు ఉంగరం కోసం ఫ్రోడో వేలు కొరికి, సంబరంలో కాలు తప్పి పడిపోతాడు. సినిమాలో వేలు కొరికాక ఇద్దరూ పెనుగులాడతారే, ఆ పెనుగులాట పుస్తకంలో లేదు.

ఆడవాళ్లు లేరన్న ఫిర్యాదుకు మాత్రం నా దగ్గర గట్టి జవాబు లేదు. యుద్ధంలోకి దిగే ఎయోవిన్ అద్భుతమైన పాత్రే, అయినా వెయ్యి పేజీలకు ఆమె ఒక్కర్తినే చూపించి వాదించడం వకీలు పని అవుతుంది. అంతకన్నా నన్ను ఇబ్బంది పెట్టేది ఆర్క్‌ల విషయం. పుట్టుకతోనే దుష్టులైన జాతి ఒకటి ఉందంటే, వాళ్లను ఎంతమందిని నరికినా పాఠకుడికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. శత్రువుల వైపు తూర్పు నుంచీ దక్షిణం నుంచీ నల్లని, చామనఛాయ మనుషులు వచ్చి చేరుతుంటే మనలాంటి పాఠకులకు కొంచెం గుచ్చుకుంటుంది. ఆర్క్‌లకు విముక్తి ఉందా అన్న ప్రశ్నతో టోల్కీన్ కూడా తన ఉత్తరాల్లోనూ తర్వాతి రాతల్లోనూ తంటాలు పడ్డాడు, తేల్చుకోలేకపోయాడు.

కానీ రెండో సంపుటంలో ఒక చోటు ఉంది. శత్రువుల వైపు దక్షిణాది సైనికుడొకడు చచ్చి, ఫ్రోడో వెంట నడిచే సామ్ ముందు పడతాడు. బంగారం అల్లిన నల్లని జడలు రక్తంలో తడిసి ఉంటాయి, గోధుమరంగు చెయ్యి విరిగిన కత్తి పిడిని ఇంకా పట్టుకునే ఉంటుంది. మొహం కనబడనందుకు సామ్ సంతోషిస్తాడు. ఇతని పేరేమిటి, ఎక్కడివాడు, నిజంగా దుర్మార్గుడేనా, లేక ఏ అబద్ధాలో బెదిరింపులో ఇంత దూరం నడిపించాయా, ఇంటి దగ్గరే ప్రశాంతంగా ఉండాలని ఉండేదేమో కదా అని ఒక్క క్షణం అనుకుంటాడు. అంతే, ఆ వెంటనే యుద్ధం గోలలో కథ ముందుకు పోతుంది. ఆ నాలుగు వాక్యాలతో నా ఇబ్బంది తీరిపోలేదు గానీ, ఆ ఇబ్బంది రచయితకు తెలియనిది కాదని అర్థమైంది.

ఇక చివరి భాగం. ఉంగరం నాశనమైన తర్వాత ఇంకా ఆరు అధ్యాయాలున్నాయి. కథ అయిపోయాక ఈ సాగదీత ఏమిటని ఒక జట్టు. ఫ్రోడో, అతని జాతివాళ్లైన తోటి హాబిట్లు తిరిగి వచ్చేసరికి సొంత ఊరే పాడైపోయి, చెట్లు నరికేసి, కొత్త దొరతనం కింద నలుగుతున్న ఆ అధ్యాయం లేకపోతే నవలే లేదని ఇంకో జట్టు. సినిమాలో దాన్ని తీసేశారు. నేను ఈ విషయంలో పూర్తిగా చెల్లెమ్మ పక్షం. యుద్ధం గెలిచిన ఫ్రోడో ఇంట్లో స్థిమితంగా ఉండలేకపోవడం చదివితే, మొదటి ప్రపంచయుద్ధంలో సోమ్ కందకాల నుంచి జ్వరంతో తిరిగొచ్చిన మనిషి రాసిన పుస్తకమిది అని తెలుస్తుంది.

నా మాట విని ఒక పని చెయ్యి. బాంబడిల్ ఉన్న మూడు అధ్యాయాలనూ వదిలేసి బ్రీ ఊరి సత్రం దగ్గర మళ్లీ మొదలుపెట్టు. కథకు పెద్దగా లోటు ఉండదు. ఎల్రాండ్ సభను మాత్రం ఒకే రాత్రి లాగించకుండా రెండు మూడు విడతలుగా చదువు. రెండో సంపుటం మొదటి సగంలో ఫ్రోడో అసలు కనబడడు, కంగారుపడి పేజీలు తిప్పేయకు. చివర అనుబంధాల్లో రాజైన ఆరగార్న్, అతను ప్రేమించిన ఆర్వెన్‌ల కథ ఒకటుంది. నవలలో ఆర్వెన్‌కు ఇవ్వని చోటు టోల్కీన్ అక్కడ ఇచ్చాడు కాబట్టి అది తప్పక చదువు. మిగిలిన వంశావళులూ తేదీల పట్టికలూ నువ్వు ముట్టుకోకపోయినా నేనేమీ అనుకోను. చెల్లెమ్మ అనుకుంటే అది మీ ఇద్దరి గొడవ.

ఉంటాను,
నీ మిత్రుడు