సరస్సు రంగు మారిందంటే మురుగు కలిసిందనే కాదు

ఎడిటర్ గారికి నమస్తే,

స్వీడన్, నార్వే, ఫిన్లాండ్, బ్రిటన్ వైపు సరస్సులు, నదులు ఏటికేడు గోధుమరంగుకి తిరుగుతున్నాయని పర్యావరణం వార్తల్లో అప్పుడప్పుడు వస్తుంటుంది. అవి చదివితే కారణాలు రెండే కనిపిస్తాయి, ఎవరో మురుగు వదిలారు, లేదంటే గ్లోబల్ వార్మింగ్. అన్నిటికంటే పెద్ద కారణాల్లో ఒకటి మాత్రం ఎవరూ రాయట్లేదు, అది వినడానికి తిరకాసుగా ఉంటుంది కాబట్టేమో. గాలి శుభ్రపడింది, అందుకే నీళ్లకి రంగొచ్చింది. కరెక్టుగానే చదివారు.

ముందు ఆ రంగు సంగతి. అడవుల్లో, చిత్తడి నేలల్లో ఆకులు, వేర్లు, నాచు సగం కుళ్ళి పేరుకుపోయి ఉంటాయి కదా, వాటిలోంచి హ్యూమిక్ పదార్థాలు వాననీళ్లలో కరిగి వాగుల్లోకి, అక్కణ్ణించి సరస్సుల్లోకి దిగుతాయి, అచ్చం వేడినీళ్లలో టీ పొడి రంగు దిగినట్టు. ఇది విషం కాదు, కొత్తదీ కాదు, అమెజాన్‌లో కలిసే రియో నీగ్రో నది నీళ్లు ఎప్పట్నుంచో ఇలా నల్లగానే ఉన్నాయి.

ఇప్పుడు అసలు కథ. బొగ్గు, చమురు తగలేసిన పొగలోని గంధకం వానలో కలిసి పక్క దేశాల సరస్సుల్ని చంపుతోందని 1967లో స్వాంటే ఓడెన్ అనే స్వీడన్ శాస్త్రవేత్త ఒక దినపత్రికలో రాశాకే జనానికి గట్టిగా ఎక్కింది (పేపర్లో రాస్తే ఏం ఒరుగుతుంది అనేవాళ్ళకి ఇదే జవాబు). తర్వాత 1979లో సరిహద్దులు దాటే గాలి కాలుష్యం మీద జెనీవా ఒప్పందం, 1985లో గంధకం 30 శాతం తగ్గించాలని హెల్సింకి ప్రోటోకాల్, అమెరికాలో 1990లో క్లీన్ ఎయిర్ యాక్ట్ సవరణ, ఇవన్నీ వచ్చి యాసిడ్ వానలు బాగా తగ్గిపోయాయి. అయితే ఆ యాసిడ్ ఉన్నన్నాళ్ళూ మట్టిలోని ఈ రంగు దిగే సేంద్రియ పదార్థాన్ని నీళ్లలో కరగనివ్వకుండా మట్టికే అంటిపెట్టి ఉంచింది, యాసిడ్ తగ్గేసరికి అది మళ్ళీ కరిగి బయటికి రావడం మొదలైంది. 2007లో నేచర్ పత్రికలో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది, ఉత్తర అమెరికా, ఉత్తర యూరప్‌లో జనావాసాలకి దూరంగా ఉన్న 522 సరస్సులు, వాగుల్లో 1990 నుంచి 2004 దాకా కొలిచిన లెక్కలు చూసి వాళ్ళు చెప్పింది ఇదే.

అంటే కొంతవరకు ఆ సరస్సులు తమ పాత రంగుకి వెనక్కి వెళ్తున్నాయన్నమాట. మరి గొడవేముంది, వదిలేద్దామా అంటే అదీ కుదరదు, ఎందుకంటే అంతా యాసిడ్ కథే కాదు. దక్షిణ స్వీడన్‌లో పొలాలు, పచ్చిక బయళ్ళు పోయి స్ప్రూస్ చెట్ల తోటలు పెరిగాయి, ఆ చెట్ల కింద పేరుకునే పొర నుంచి రంగు బాగా దిగుతుంది. ఫిన్లాండ్‌లో కలప కోసం పీట్ నేలల్లో (సగం కుళ్ళిన మొక్కలు పొరలుగా పేరుకున్న చిత్తడి నేలలు) సగం దాకా కాలవలు తవ్వి ఆరబెట్టారు. దీనికి తోడు వాతావరణం వేడెక్కి, వానలు పెరిగి మట్టిని ఇంకా కడిగేస్తున్నాయి, నీళ్లలో ఇనుము పెరిగినా రంగు ముదురుతుంది. ఏ కారణం ఎంత అనేది చోటుని బట్టి మారుతుంది, శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు, కాబట్టి ఒక్క హెడ్డింగ్‌లో తేల్చేసే విషయం కాదిది.

రంగు ముదిరిన సరస్సు లోపల ఏం జరుగుతుందంటే వెలుతురు కిందకి దిగదు, అడుగున మొక్కలు, నాచు పెరగవు, పైనీళ్లు మాత్రమే వేడెక్కి కిందనీళ్లతో కలవక అడుగున ఆక్సిజన్ పడిపోతుంది, కంటితో చూసి వేటాడే పెర్చ్ లాంటి చేపలకి తిండి దొరకడం కష్టమవుతుంది. సేంద్రియ పదార్థంతో పాటు పాదరసం కూడా కొట్టుకొచ్చి చేపల్లో చేరుతుంది.

తాగేనీళ్ల సంగతి మాత్రం కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఖర్చు కనపడేది అక్కడే. ఈ సేంద్రియ పదార్థం ఉన్న నీళ్లలో క్లోరిన్ కలిపితే ట్రైహాలోమీథేన్లు అనే, ఆరోగ్యానికి హాని చెయ్యగల రసాయనాలు తయారవుతాయి, వీటిని 1974లోనే గుర్తించారు, యూరప్‌లో లీటరుకి 100 మైక్రోగ్రాములు, అమెరికాలో 80 దాటకూడదని రూల్ ఉంది. కాబట్టి క్లోరిన్ కలిపే ముందే ఆ సేంద్రియ పదార్థం తీసేయాలి, దానికి పటిక లాంటి కెమికల్స్ ఎక్కువ వెయ్యాలి, ఎక్కువ వేస్తే బురద ఎక్కువ వస్తుంది, ఆ బురదని మళ్ళీ ఎక్కడో పారబోయాలి. అల్ట్రావయొలెట్ లైట్‌తో క్రిములు చంపుదామన్నా ఈ రంగే ఆ కాంతిని మింగేస్తుంది. స్వీడన్‌లో బోల్మెన్ సరస్సు నుంచి దక్షిణాన స్కోనె ప్రాంతానికి సుమారు 80 కిలోమీటర్ల సొరంగంలో నీళ్లు తీసుకెళ్తారు, ఆ సరస్సూ గోధుమరంగుకి తిరుగుతోంది. అంత దూరం సొరంగం తవ్వి తెచ్చుకుంటున్నవాళ్ళు రంగు మారిందని రేపు ఇంకో సరస్సుకి మారిపోలేరు కదా.

ఇది విన్న కొందరు "అయితే గాలి శుభ్రం చెయ్యడమే తప్పా" అని వెటకారం చేస్తారు. యాసిడ్ వానల కాలంలో దక్షిణ నార్వేలో వేల సరస్సుల్లో చేపలు తుడిచిపెట్టుకుపోయాయి, స్వీడన్‌లో యాసిడ్ విరగ్గొట్టడానికి సరస్సుల్లో ఏళ్ళ తరబడి సున్నం పోశారు, ఆ రోజులే నయమంటే నాకైతే నోట మాట రాదు. గంధకం తగ్గించడం సరైన పనే, ఇప్పుడు చూసుకోవాల్సింది నేల సంగతి. వాగు ఒడ్డు దాకా చెట్లు కొట్టెయ్యకుండా కొంత వదలడం, పీట్ నేలల్లో తవ్విన కాలవలు మూసెయ్యడం లాంటివి చేస్తున్నారు, బ్రిటన్‌లో కాలవలు మూసిన చోట్ల రంగు తగ్గడంలో ఫలితాలు మాత్రం అన్ని చోట్లా ఒకేలా రాలేదు.

చివరగా ఫోటోల గురించి ఒక రిక్వెస్ట్. ఇలాంటి వార్త పక్కన దయచేసి పచ్చనాచు పట్టిన సరస్సు ఫోటో వెయ్యకండి, అది ఎక్కువగా ఎరువులు, మురుగుల్లోని ఫాస్ఫరస్ వల్ల వచ్చేది, దాని కథ వేరు, మందు వేరు. గోధుమరంగు సరస్సు ఒడ్డు నుంచి చూస్తే నల్లగా అందంగానే ఉంటుంది, గాజు గ్లాసులో ముంచి తీసిన నీళ్ల ఫోటో వేస్తే విషయం తెలుస్తుంది.

ఇట్లు,
మీ పాఠకుడు