బొమ్మలోని మనిషికీ పేరుండాలి
చిత్రకళా ప్రదర్శనల్లో శ్రమజీవుల ముఖచిత్రాలు కనిపిస్తున్నాయి గానీ ఆ ముఖాలకు పేర్లుండడం లేదు. ఇటీవల బెంగళూరులో ఒక గ్యాలరీలో చీపురు పట్టిన పౌరకార్మికురాలి (పారిశుద్ధ్య కార్మికురాలి) నిలువెత్తు తైలవర్ణ చిత్రం చూశాను. పగిలిన మడమలు, గాజుల సందున పేరుకున్న దుమ్ము కూడా చిత్రకారుడు వదల్లేదు. ఎంత శ్రద్ధగా చూసి ఉండాలి! కింది చీటీలో ఆయన పేరు, కొలతలు, ధర ఉన్నాయి. ఆమె గురించి మాత్రం ‘స్వీపర్’ అన్న ఒక్క మాట. ఈ నగరాన్ని ఊడ్చేవాళ్లలో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడే దళిత కుటుంబాలవాళ్లు. మా వీధికి వచ్చే ఆమె నన్ను తెలుగులోనే పలకరిస్తుంది. రాజులు, జమీందార్లు బొమ్మ గీయించుకుంటే పేరుతో సహా గోడకెక్కారు కదా, కూలి మనిషికి ఎందుకు దక్కదు? ఒప్పుకుంటే పేరు, ఊరు చీటీలో రాయాలి; బొమ్మ గీయడానికి ఎదురుగా కూర్చున్న రోజులకు కూలి, బొమ్మ అమ్ముడైతే వాటా ఇవ్వాలి. కుమారకృపా రోడ్డులో ఏటా చిత్రసంతె అనే బొమ్మల సంత జరిపే కర్ణాటక చిత్రకళా పరిషత్తు ఈ నియమాన్ని చిత్రకారుల దరఖాస్తులోనే చేర్చవచ్చు. మాణిక్యవేలు భవనంలో 2009లో తెరిచిన జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాల కన్నడంతోపాటు తెలుగు, తమిళ చీటీలు కూడా పెట్టాలి.
– ఒక పాఠకుడు, బెంగళూరు