టికెట్ రేటు ఫైలుకూ హీరో ట్వీటుకూ లంకె వద్దు

ఆంధ్రప్రదేశ్ సినిమాటోగ్రఫీ శాఖ మంత్రిగారికి,

విజయవాడ గాంధీనగర్‌లో సినిమా పబ్లిసిటీ పనిచేసేవాళ్లం రాస్తున్నాం. టికెట్ రేటు పెంపు అనుమతిని అడ్డం పెట్టుకుని విదేశీ విషయాల మీద హీరోల చేత పోస్టులు రాయించొద్దన్నదే మా విన్నపం.

ఎక్కడ యుద్ధమొచ్చినా "మన హీరోలు నోరు విప్పరేం?" అంటారు. విప్పితే "నీకెందుకయ్యా?" అంటారు. మాట్లాడటం, ఊరుకోవడం వాళ్లిష్టం. రాజ్యాంగంలో వాక్ స్వేచ్ఛకు పరిమితులు చెప్పే 19(2)లో 'విదేశాలతో స్నేహ సంబంధాలు' అనే పరిమితి 1951లో చేరిన మాట నిజమే. కానీ దాన్ని అమలు చేయాలంటే చట్టం ఉండాలి, ఫోన్ కాల్ చాలదు. పైగా విదేశీ వ్యవహారాలు కేంద్రం జాబితాలోవి. మీ చేతిలో ఉన్నది టికెట్ రేటు. మా బెంగంతా దానితోనే.

హీరో హీరోయిన్లు, దర్శకుడి పారితోషికం కాక బడ్జెట్ 100 కోట్లు దాటిన సినిమాకి 10 రోజులు రేటు పెంచుకునే వీలు 2022 మార్చి నాటి జీవో 13లో పెట్టారు. ఆ అనుమతి కోసం ఫైలు సచివాలయంలో ఉండగా "ఫలానా దేశం మీద రెండు ముక్కలు రాయించండి" అని ఎవరైనా అడిగితే ఏ నిర్మాత కాదంటాడు? 2021 ఫిబ్రవరిలో రైతుల ఉద్యమంపై పాప్ గాయని రిహానా ట్వీట్ చేసిన మర్నాడే విదేశాంగ శాఖ ఖండించింది. ఆ ప్రకటనలోని హ్యాష్‌ట్యాగులే గంటల్లో మన తారలు, క్రికెటర్ల పోస్టుల్లో కనిపించాయి. అడిగి రాయించారో, వాళ్లంతట వాళ్లే రాశారో చూసేవాడికి తెలిసే దారి లేదు. సబ్బు ప్రకటనైతే డబ్బు తీసుకున్న సంగతి చెప్పాలని 2022 నాటి వినియోగదారుల మార్గదర్శకాలు ఉన్నాయి. ప్రభుత్వం అడిగి రాయించే పోస్టుకి అలాంటిదేమీ లేదు.

పోస్టు పెట్టేముందు మేం చూసేవీ చెబుతాం. ముందు బ్రాండ్ ఒప్పందంలో వివాదాస్పద వ్యాఖ్యల క్లాజు, ఆ దేశంలో సినిమా హక్కులు ఎవరికి అమ్మారన్నది. తర్వాత ఫొటో: బొమ్మ ముందెక్కడ వచ్చిందో వెతికే గూగుల్ లెన్స్‌లో పెడితే సగం 'తాజా' బొమ్మలు పాతవని తేలతాయి. ఉక్రెయిన్ యుద్ధమంటూ 'ఆర్మా 3' వీడియోగేమ్ క్లిప్పులు కూడా తిరిగాయి. పోస్టర్‌లో భారత పటం ఉంటే సర్వే ఆఫ్ ఇండియాదే వాడాలి. స్టాక్ ఫొటోలు అమ్మే సైట్లలో దొరికే చాలా పటాల్లో జమ్మూ కశ్మీర్ సరిహద్దు తేడాగా ఉంటుంది, అది ప్రచురిస్తే నేరం. అర్ధరాత్రి డిజైనర్‌కి ఇది గుర్తుండదు. తర్వాత డిలీట్ చేసినా లాభం లేదు. 2019 అక్టోబరులో అమెరికా బాస్కెట్‌బాల్ జట్టు హ్యూస్టన్ రాకెట్స్ జనరల్ మేనేజర్ డారిల్ మోరీ హాంకాంగ్ నిరసనకారులకు మద్దతుగా పెట్టిన ట్వీట్ వెంటనే తీసేశాడు, అయినా చైనా ప్రభుత్వ టీవీ సంస్థ సీసీటీవీ దాదాపు ఏడాది ఆ జట్టు ఆడే ఎన్‌బీఏ లీగ్ ఆటలు చూపించలేదు.

హీరోకి ఇదంతా చూసిపెట్టే మనుషులుంటారు. దుబాయ్‌లో పనిచేసే గోదావరి జిల్లాల కుర్రాడికి ఎవరున్నారు? అభిమాన హీరో పోస్టు కదాని ఫార్వర్డ్ చేస్తాడు. యూఏఈలో 2021 నాటి 34వ నంబరు చట్టం ప్రకారం తప్పుడు వార్తను మళ్లీ పంచుకున్నా నేరమే. కనీసం ఏడాది జైలు, లక్ష దిర్హామ్‌ల జరిమానా. హైదరాబాద్‌లో హీరో క్షమాపణ ట్వీట్‌తో బయటపడతాడు, వీడికి ఆ సౌకర్యం లేదు.

కాబట్టి మీ శాఖ నుంచి తారలకు ఏ హ్యాష్‌ట్యాగూ, ఏ వాక్యమూ నోటిమాటగా వెళ్లకూడదు. పంపాల్సిందే అనుకుంటే లెటర్‌హెడ్ మీద, తేదీతో పంపండి. ఆ కాపీని సదరు సినిమా రేట్ల జీవో పక్కనే వెబ్‌సైట్‌లో పెట్టించండి.

ఇట్లు,
గాంధీనగర్ పబ్లిసిటీ కార్మికులు, విజయవాడ