కొండ నరికితే వాగు ఏమైంది

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం అందింది. జీడితోట కోసం మన ఊరి కొండ మీద అడవి కొట్టేశారని చదివి మనసు పాడైపోయింది. పోయిన వారమే బోస్టన్ నుంచి న్యూ హ్యాంప్‌షైర్ వెళ్లి హబ్బర్డ్ బ్రూక్ అనే అడవి చూసొచ్చాను. అక్కడి కథ నీకు చెప్పి తీరాలి.

ఆ కొండ వాగులకి కింద మన చెరువు అలుగులాంటి కాంక్రీటు కట్టడాలు కట్టారు. మధ్యలో 'వి' ఆకారంలో గండి, నీళ్లన్నీ అందులోంచే దూకాలి. అడుగున గట్టి రాయి, నీళ్లు లోపలికి పోవు. అందుకే వానతో ఏమొచ్చింది, వాగుతో ఏం పోయింది అని 1963 నుంచి లెక్క రాస్తున్నారు.

1965 చలికాలంలో బోర్మన్, లైకెన్స్ అనే శాస్త్రవేత్తల బృందం ఒక వాటర్‌షెడ్‌లో, అంటే వాననీరంతా ఒకే వాగులోకి చేరే కొండ భాగంలో, చెట్లన్నీ కొట్టించింది. దుంగలు ఎక్కడివక్కడే వదిలేశారు. మళ్లీ చిగురు రాకుండా మూడేళ్లు మందు కొట్టారు. ఒక్క గింజ యూరియా వెయ్యలేదు బావా, అయినా వాగులో నైట్రేటు, అంటే నీళ్లలో కరిగిపోయే నత్రజని రూపం, 40 రెట్లకి పైగా పెరిగింది! తాగేనీటి హద్దు దాటిపోయింది.

యూరియా చల్లిన మర్నాడే కుండపోత వాన పడితే నీ గుండె ఎలా గుభేలుమంటుందో, అక్కడా అదే జరిగింది. ఆకూ అలమూ కుళ్లి అమ్మోనియం అవుతుంది. అది మట్టిని పట్టుకునుంటుంది. దాన్ని సూక్ష్మజీవులు నైట్రేటుగా మార్చాయా, ఇక నీళ్లెటు పోతే అటే. వేళ్లుంటే ఎప్పటికప్పుడు తాగేస్తాయి. వేళ్లు చచ్చాక ఆపేదెవరు? పోతూ పోతూ నేలలోని కాల్షియాన్ని కూడా లాక్కుపోతుంది. పచ్చగా ఉన్న అడవిలోనూ మంచు కరిగే రోజుల్లో, చెట్లింకా నిద్ర లేవకముందు, వాగులో నైట్రేటు కాస్త పెరుగుతుందట. ఆకులు తొడిగాక దాదాపు కనబడదు. నాకెంతో నచ్చిన సంగతిది.

కార్ల పొగ, బొగ్గు కరెంటు ప్లాంట్ల పొగ కూడా వానతో నైట్రిక్ ఆసిడ్‌గా దిగి అడవికి ఎరువు వేసినట్టే అవుతుంది. దీన్ని తేల్చడానికి వెస్ట్ వర్జీనియాలోని ఫెర్నో అడవిలో 1989 నుంచి దాదాపు 30 ఏళ్లు అమ్మోనియం సల్ఫేటు చల్లారు, ఎకరాకి ఏడాదికి 14 కిలోల నత్రజని చొప్పున. అక్కడా వాగులో నైట్రేటు పెరిగింది. అడవి ఎంతకని తాగుతుంది?

హబ్బర్డ్ బ్రూక్‌లో నరికిన కొండ కింది వాగు వేసవిలో నాచుతో నిండిపోయిందట. నీడ పోయి ఎండ తగిలింది, పైగా నైట్రేటు. తొలకరి పడ్డాక మనం ఈత కొట్టిన మడుగు దగ్గర బండలు చేత్తో తడిమి చూడు, పాకుడు ఎప్పటికన్నా ఎక్కువైందేమో రాయి. దిగువ బావి నీళ్లు ఒక సీసాలో పట్టి పరీక్షకి పంపించు. నైట్రేటు ఎక్కువైతే చంటిపిల్లలకి ప్రమాదం, మీ ఇంట్లో పాపకి ఇంకా నాలుగో నెలే కదా. ఖర్చు నేను పంపుతాను, మొహమాటపడకు.

అమ్మకి నా నమస్కారాలు.

నీ బావ