స్నాప్‌షాట్ బ్యాకప్ కాదు

సంపాదకులకు,

అయ్యా,

సైబర్ దాడుల వార్తల్లో స్నాప్‌షాట్ (ఒకానొక క్షణంలో మెషీన్ ఉన్న స్థితిని పట్టి ఉంచడం), బ్యాకప్ (డేటాకు వేరే చోట దాచిన నకలు) అనే మాటలను ఒకే అర్థంలో వాడడం తరచు చూస్తున్నాను. చాలా ఏళ్లుగా సర్వర్ల నిర్వహణలో ఉన్నవాడిగా ఈ తేడా పాఠకులకు తెలియాలని రాస్తున్నాను.

సర్వరులో సాఫ్ట్‌వేర్‌తో సృష్టించే వర్చువల్ మెషీన్ పూర్తి కంప్యూటర్‌లా పనిచేసినా, అసలు సర్వరులో అది కొన్ని ఫైళ్ల రూపంలోనే ఉంటుంది. ఇలాంటి మెషీన్లను నడిపే వీఎంవేర్ సాఫ్ట్‌వేర్‌లో స్నాప్‌షాట్ తీసినప్పుడు డిస్కుకు నకలు తయారు కాదు. ఉన్న డిస్కు ఫైలు ఇక మారకుండా నిలిచిపోయి, ఆ తరువాతి మార్పులన్నీ డెల్టా అనే మరో ఫైలులో చేరతాయి. క్షణాల్లో పని ముగిసేది అందుకే. పాత ఫైలు చెడితే స్నాప్‌షాట్ కూడా పనికిరాకుండా పోయేదీ అందుకే. స్నాప్‌షాట్‌ను 72 గంటలకు మించి ఉంచవద్దని వీఎంవేర్ మార్గదర్శకాలే చెబుతాయి. నేను పనిచేసిన ఒక కార్యాలయంలో నెలల తరబడి తొలగించని డెల్టా ఫైలు పెరిగి స్టోరేజి నిండిపోవడంతో, సరిగ్గా జీతాల బిల్లులు చేసే రోజునే సర్వరు ఆగిపోయింది.

బ్యాకప్ సాఫ్ట్‌వేర్ స్నాప్‌షాట్‌ను కాసేపే వాడుకుంటుంది. నిలిచి ఉన్న ఆ డిస్కు నుంచి, క్రితంసారి తరువాత మారిన బ్లాకులను (డిస్కులోని చిన్న భాగాలను) మాత్రమే వేరే చోటికి నకలు చేసుకుని స్నాప్‌షాట్‌ను తొలగిస్తుంది. ఇన్‌స్టంట్ రికవరీ అనే పునరుద్ధరణ పద్ధతిలో, డేటా అంతా తిరిగి నకలయ్యేదాకా ఆగకుండా, బ్యాకప్ ఫైలునే డిస్కుగా చూపి నిమిషాల్లో మెషీన్‌ను నడిపిస్తారు. కొత్త మార్పులు విడిగా చేరతాయి గనుక బ్యాకప్ చెక్కుచెదరదు. పని సాగుతుండగానే డేటా అసలు స్టోరేజికి తరలుతుంది. అంతవరకు వేగం తగ్గుతుందన్నది నిజమే గాని, ఆసుపత్రి కౌంటరు వద్ద నిలబడిన రోగికి అదే మేలు.

2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లపై దాడి జరిగినప్పుడు దాదాపు రెండు వారాలు అక్కడి పనులు చాలావరకు కాగితాల మీదనే సాగాయి. దాడి సోకని ఒక బ్యాకప్ సర్వరు నుంచే ఈ-హాస్పిటల్ (ఆసుపత్రి పనులు నడిపే సాఫ్ట్‌వేర్) డేటా తిరిగి దక్కిందని కేంద్రం పార్లమెంటుకు తెలిపింది. బ్యాకప్ వేరుగా ఉండడమే అక్కడ డేటాను కాపాడింది.

మన జిల్లా ఆసుపత్రులు, పురపాలక కార్యాలయాల్లో గుత్తేదారు ఇచ్చే ‘బ్యాకప్ విజయవంతం’ అన్న నివేదికపై సంతకం చేసే అధికారులకు నా విన్నపం ఒక్కటే: మూడు నెలలకొకసారి, మీ కళ్లెదుటే, బ్యాకప్ నుంచి ఒక మెషీన్‌ను లేపి చూపించమని అడగండి, దానికి పట్టిన సమయాన్ని రిజిస్టరులో రాయించండి.

భవదీయుడు,
ఒక సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్, హనుమకొండ