రేపటి ఉమ్మడి మాక్ డ్రిల్ గురించి

అందరికీ నమస్కారం. రేపు కర్నూలులో జరిగే మాక్ డ్రిల్‌కి డాక్టర్లు, నర్సులే కాదు, 108 సిబ్బంది, ల్యాబ్ టెక్నీషియన్లు, ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు, వార్డు శుభ్రం చేసేవాళ్లు కూడా తప్పకుండా రావాలి. విడివిడిగా ఎవరి పని వాళ్లకి బాగానే వచ్చు. రోగిని అంబులెన్స్ నుంచి ఐసొలేషన్ వార్డుకి అప్పగించేటప్పుడే గందరగోళం అవుతుంది. ఎవరు పట్టుకోవాలి, ఎవరు దూరంగా ఉండాలి, శాంపిల్ ఎవరికి ఇవ్వాలి అన్నది ముందే తేలాలి.

ఈసారి నిపా (మనిషి నుంచి మనిషికి సోకే ప్రాణాంతక వైరస్) అనుమానిత కేసు అనుకుని చేద్దాం. 2018లో కేరళలో నిపా వచ్చినప్పుడు రోగికి సేవ చేసిన నర్సు లిని ప్రాణాలు కోల్పోయారు. మనలో ఎవరికీ అలా జరగకూడదనే నా పట్టుదల.

పీపీఈ (గౌను, గ్లవ్స్, మాస్క్ లాంటి రక్షణ సామగ్రి) వేసుకోవడం కంటే తీయడమే ప్రమాదం. గ్లవ్స్ లోపలివైపు బయటికి వచ్చేలా తిప్పి తీసి, వెంటనే చేతులు శానిటైజ్ చేసుకోండి. ఎన్-95 మాస్క్ మాత్రం అన్నిటికంటే చివర్న, గది బయటికి వచ్చాకే, వెనక ఎలాస్టిక్ పట్టుకుని తీయాలి. ముందువైపు చెయ్యి తగలనివ్వొద్దు. గ్లవ్స్‌కి వైరస్‌కి బదులుగా ఫ్లోరసెంట్ పొడి రాసి, చివర్లో యూవీ లైటు కింద చూస్తాం. మెడ మీదో మణికట్టు దగ్గరో మెరిస్తే మళ్లీ చేయిస్తాం. టెన్షన్ పడొద్దు, తప్పు జరిగితే డ్రిల్‌లోనే జరగనీ.

అయ్యాక వెంటనే వెళ్లిపోకండి, కూర్చుని మాట్లాడుకుందాం. 108 నుంచి ఏ షిఫ్ట్ వాళ్లు వస్తున్నారో ఈ రాత్రికే గ్రూపులో చెప్పండి.