బూస్టర్ ఎందుకు? కడ్డీల కొలత చూడండి

సంపాదకుడు గారికి నమస్కారం.

తుపాను రోజుల్లో సెల్ టవర్లు చేతులెత్తేస్తే హ్యామ్ రేడియో వాళ్ళ (లైసెన్సు తీసుకుని సరదాకి సొంత రేడియో సెట్లలో మాట్లాడుకునేవాళ్ళ) మాటలు వినగలగడం ఎంత పనికొస్తుందో మీ జిల్లా పేజీలో రాశారు. మంచి విషయమే. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు మా గజపతి జిల్లా ఏమైపోయిందో ఇక్కడ ఎవర్నడిగినా చెబుతారు. కానీ ఆ వ్యాసం చివర్లో, సిగ్నల్ సరిగ్గా అందకపోతే మంచి బూస్టర్ (సిగ్నల్ బలం పెంచే పెట్టె) కొనుక్కోమని సలహా ఒకటి ఇచ్చారు. దూరదర్శన్ కాలం నుంచీ పర్లాకిమిడిలో డాబాలెక్కి ఏంటెనాలు కట్టినవాణ్ణి, అది చదివి ఊరుకోబుద్ధి కాలేదు.

బూస్టర్ వచ్చినదాన్నల్లా పెంచుతుంది, మాటతోపాటు గోలని కూడా. ఇప్పుడు ఇళ్ళల్లో గోలకి కొదవా? చవకరకం ఎల్‌ఈడీ బల్బులు, చార్జర్లు, ఇన్వర్టర్లు అన్నీ రేడియో సెట్టులో గరగరమంటాయి. దగ్గర్లో గట్టి ఎఫ్‌ఎం స్టేషనుంటే బూస్టర్ దాని దెబ్బకే ఉక్కిరిబిక్కిరై, మనక్కావలసిన బలహీనమైన మాటని ముంచేస్తుంది. మాకు ఒకవైపు మహేంద్రగిరి కొండలు, ఇంకోవైపు పాతపట్నం మీదుగా శ్రీకాకుళం పల్లం. సిగ్నల్ తేటగా వచ్చే దిక్కు ఏదో ఒకటే ఉంటుంది. చెవి వెనక అరచెయ్యి దొప్పలా పెట్టుకుని వింటామే, ఆ పని చేసే ఏంటెనా కావాలి మాకు.

అదేమీ కొత్త సరుకు కాదు. మన డాబాల మీద కాకులు వాలిన ఆ పాత టీవీ ఏంటెనాయే. జపానులో సెండాయ్ ఊళ్ళో ఉడా, యాగీ అనే ఇద్దరు 1926లో దాన్ని లోకానికి చూపించారు. పని ఎక్కువగా ఉడాది, పేరు మాత్రం యాగీకి దక్కింది.

హ్యామ్‌ల మాటలు మన దేశంలో 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ మధ్య వినిపిస్తాయి. దానికి మూడు కడ్డీలు చాలు. కర్ర బద్ద మీద వెనక కడ్డీ 102 సెంటీమీటర్లు, మధ్యది 97, మాట వచ్చే దిక్కుకి పెట్టే ముందుది 92. కడ్డీకీ కడ్డీకీ 41 సెంటీమీటర్ల ఎడం. మధ్యదాన్ని సరిగ్గా నడుం దగ్గర రెండు ముక్కలు చేసి, కేబుల్ లోపలి తీగ ఒక ముక్కకి, పైనున్న అల్లిక రెండో ముక్కకి బిగించాలి. కడ్డీ లావుని బట్టి ఓ సెంటీమీటరు అటో ఇటో సర్దుకోవాల్సి రావచ్చు. డైపోల్‌కన్నా, అంటే ఆ మధ్య కడ్డీ ఒక్కటే ఉన్నదానికన్నా, ముందు దిక్కు నుంచి సుమారు మూడింతల శక్తి పట్టుకుంటుంది, వెనక దిక్కు గోలని చాలావరకు వదిలేస్తుంది. ఈ రెండో గుణం ఏ బూస్టర్‌కీ లేదు.

కడ్డీలకి పాత ఇనప సామాన్ల కొట్టుకి వెళ్ళండి. 5 నుంచి 12 దాకా ఛానళ్ళకి కట్టిన టీవీ ఏంటెనా కడ్డీలు పొట్టివి, పనికిరావు. 2, 3, 4 ఛానళ్ళవి దొరికితే అదృష్టమే, ఆ పొడుగు కడ్డీని సగానికి కోస్తే రెండొస్తాయి. కేబుల్‌కి డిష్ వాళ్ళు వదిలేసి వెళ్ళిన ముక్క చాలు. అది 75 ఓములు (కేబులూ సెట్టూ ఒకదానికొకటి సరిపడ్డాయో లేదో చూసే కొలత), సెట్టు 50 ఓములు, ఎలా కుదురుతుందని చదువుకున్న కుర్రాళ్ళు అడుగుతారు. ఆ తేడాకి వెనక్కి తిరిగిపోయేది నూటికి నాలుగు వంతులే. వినడానికి అదో లెక్క కాదు.

కుర్రాళ్ళు తంటాలు పడేది అతుకు దగ్గర. ఆ కేబుల్ అల్లిక చాలావాటిలో అల్యూమినియమే, కడ్డీ కూడా అల్యూమినియమే. మామూలు టంకం పట్టదు. ఎంత కాల్చినా లెడ్డు ఉండకట్టి జారిపోతుంది. స్క్రూ, వాషర్లతో బిగించాలి. లోపలి రాగి తీగని నేరుగా అల్యూమినియం మీద నొక్కితే వానాకాలం తిరిగేసరికి తెల్లగా పొడి పట్టి మాట ఆగిపోతుంది. మధ్యలో స్టీలు వాషరు వేసి, గ్రీజు రాసి, పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టేయండి.

ఇంకోటి, నాబోటి పాత టీవీ మెకానిక్కులు మరీ గుర్తుపెట్టుకోవాలి. టీవీకి కడ్డీలు పడుకోబెట్టేవాళ్ళం. హ్యామ్ రిపీటర్లకి (మాటని అందుకుని మళ్ళీ దూరానికి పంపే స్టేషన్లకి), చేతి సెట్లకి నిలబెట్టాలి. లేకపోతే కొండలకి తగిలి చెదిరొచ్చిన కొద్దిపాటి సిగ్నలే అందుతుంది. నిలబెట్టినప్పుడు ఇనప గొట్టానికి కట్టకూడదు, కడ్డీల పక్కన అదీ ఒక కడ్డీ అయి కూర్చుంటుంది. వెదురు బొంగు మేలు.

2025 జులైలో వ్యోమగామి శుభాంశు శుక్లా అంతరిక్ష కేంద్రం నుంచి మన విద్యార్థులతో హ్యామ్ రేడియోలో కూడా మాట్లాడారు. ఆ కేంద్రం నుంచి కిందికొచ్చే మాట 145.800 మెగాహెర్ట్జ్ మీద ఉంటుంది, అంటే ఇదే ఏంటెనా సరిపోతుంది. ఆకాశంలో అది దాటిపోయేది మహా అయితే పది నిమిషాలు. ఒక పిల్లాడు కడ్డీలు దానివైపు తిప్పుతూ ఉంటే ఇంకొకడు సెట్టు చూసుకోవాలి. మీ పిల్లల పేజీలో ఒక ఆదివారం బొమ్మ గీసి ఈ కొలతలు వేయండి. ఏ బడిలోనైనా ఓ మధ్యాహ్నం పని. పోలీసు సెట్ల జోలికి వెళ్ళొద్దనీ, మాట్లాడాలంటే పరీక్ష రాసి లైసెన్సు తీసుకోవాలనీ, సెట్టు కొనేముందు రూలు కనుక్కోవాలనీ పక్కనే వేయండి.

ఉరుము వినపడగానే కేబుల్ సెట్టు నుంచి పీకేయాలని కూడా రాయండి. కరెంటు తీగల దాపున బొంగు ఎత్తొద్దు. తుపాను హెచ్చరిక వస్తే ఏంటెనా దించి ఇంట్లో పెట్టుకుని, గాలి తగ్గాక మళ్ళీ ఎత్తుకోవచ్చు, బరువు ఎంతనీ!

– ఒక పాత టీవీ మెకానిక్,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా